ఒట్టి ముక్కుతో వచ్చిన కొమ్మన్న

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న ఈ ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లు లేరు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ కనిపిస్తుంది తప్ప చెట్టు కనిపించదు. చెట్టే లేనిచోట ఈ కథ ఎవరికి గుర్తొస్తుంది? మా ఊళ్లో అయితే ఎండాకాలం మధ్యాహ్నాలు మమ్మల్ని బయటికి పోనివ్వకుండా కూర్చోబెట్టడానికి మా అమ్మ చెప్పేది. ఇవాళ నేను మీకు చెబుతాను.

ముందుగా రెండు మాటలు. ఒకటి, ఈ కథలో పిల్లలెవరికీ ఏమీ కాదు. మా అమ్మ ఈ సంగతి ముందే చెప్పలేదు. మధ్యలో అన్నానికి పిలిస్తే నేను భయంతో ముద్ద మింగలేకపోయాను. మీకు అలా కాకూడదని ముందే చెప్పేస్తున్నాను. రెండు, కథలో ఒక్కచోట నాకు సరిగ్గా గుర్తులేదు. మీ పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆవిడకీ గుర్తులేదట. ఆ చోటు వచ్చినప్పుడు గుర్తులేదనే చెబుతాను. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు కదా.

మంచినీళ్లు తాగారా? తాగి రండి. మధ్యలో లేవకూడదు మరి.

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఒక నల్లమద్ది చెట్టు. ఆ చెట్టుకి బాగా ఎత్తున ఒక తొర్ర. ఆ తొర్రలో ఒక పక్షుల జంట కాపురం.

అవి కాకుల్లాంటి పిచ్చుకల్లాంటి పక్షులు కావు. ముక్కు నా అరచెయ్యంత పొడుగు. ముక్కు మీద మళ్లీ ఒక కొమ్ము. అందుకే అందరూ వాటిని కొమ్ముపిట్టలు అనేవాళ్లు. మగపక్షి పేరు కొమ్మన్న. ఆడపక్షి పేరు రేలమ్మ. రేలచెట్లు పచ్చగా పూసిన రోజుల్లో పుట్టిందని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది.

కొమ్ముపిట్టలకి ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలం రాగానే తల్లి తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. తండ్రి బయటి నుంచి బంకమట్టి తెస్తాడు. తల్లి లోపలి నుంచి మెత్తుతుంది. ఇద్దరూ కలిసి గుమ్మం మూసేస్తారు. చివరికి చింతకాయ పట్టేంత సన్నని సందు ఒక్కటే మిగులుతుంది. ఆ మట్టి ఎండకి రాయిలా గట్టిపడుతుంది. ఇక పాము రాలేదు, అడవిపిల్లి రాలేదు.

లోపల కూర్చున్న తల్లికి రెక్కల్లోని ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. పిల్లలు పుట్టి కాస్త పెద్దయ్యేదాకా ఆ చీకటి గదిలోనే ఉండాలి. మరి తిండి? ఆ సందులోంచే. తండ్రి తెచ్చి పెట్టాలి. తండ్రి రాకపోతే వాళ్లకి ఇంకెవరూ లేరు.

కొమ్మన్న రోజూ చాలాసార్లు వచ్చేవాడు. గొంతు నిండా పండ్లు నింపుకొచ్చేవాడు. చెట్టు బెరడు మీద ముక్కుతో మూడుసార్లు కొట్టేవాడు. టక్. టక్. టక్.

"ఏమే!" అనేవాడు.

"ఆఁ, వచ్చావా?" అనేది రేలమ్మ. అని ముక్కు కొస సందులోంచి బయటికి పెట్టేది.

అప్పుడు కొమ్మన్న గొంతులోంచి ఒక్కొక్క పండూ పైకి తెచ్చి, ఎక్కడ చితికిపోతుందో అన్నట్టు నెమ్మదిగా అందించేవాడు. లోపలున్నవాళ్లకి పొద్దు పొడిచిందో తెలియదు, వాలిందో తెలియదు. ఆ మూడు చప్పుళ్లే వాళ్లకి పొద్దు.

కొమ్మన్నకి వాళ్ల నాన్న చిన్నప్పుడు ఒక మాట నేర్పాడు. "ఒరేయ్, ఎండలో మాడు, వానలో తడువు, ఏమైనా కానీ. ఒట్టి ముక్కుతో మాత్రం గూటి తలుపు కొట్టకు. అది మన ఇంటావంటా లేదు." కొమ్మన్నకి ఆ మాటంటే ప్రాణం. ఎప్పుడూ తప్పలేదు. తప్పే అవసరం కూడా రాలేదు. ఆ అడవిలో జువ్విచెట్టు కాపు అయిపోతే మేడిచెట్టు, మేడి అయిపోతే నేరేడు, ఏదో ఒకటి ఎప్పుడూ పండి ఉండేది.

రెండు గుడ్లు పిల్లలయ్యాయి. పెద్దది నోరు మూయదు. చిన్నది తిండికి తప్ప నోరు తెరవదు.

ఆ ఏడు వానలు పడలేదు. కొండవాగు ఇసక తేలింది. ఎండ ముదిరింది. తొర్ర దగ్గరున్న జువ్విచెట్టు పిందెలు పిందెలుగానే రాల్చేసింది. కొమ్మన్న రెండు కొండలవతల ఉన్న మేడిచెట్టు దగ్గరికి పోయాడు. అక్కడ కొండముచ్చు కొమ్మ మీద కాళ్లూపుతూ కూర్చుంది. దాని పొట్ట నిండుగా ఉంది. చెట్టు ఖాళీగా ఉంది.

"ఏం బావా!" అంది కొండముచ్చు. "ముక్కు మీద అంత కొమ్ముంది గానీ ముక్కులో గింజ లేదే?"

"నువ్వు మిగిలిస్తే కదా!" అన్నాడు కొమ్మన్న.

"నీకోసం మిగల్చడానికి నేనేమన్నా నీకు పిల్లనిచ్చిన మామనా?" అంది కొండముచ్చు. అని కిచకిచమని నవ్వి, ఇంకో కొమ్మ మీదికి దూకింది.

ఆ రోజు కొమ్మన్నకి అయిదు పండ్లు దొరికాయి. మర్నాడు రెండు. ఆ మర్నాడు పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా తిరిగితే ఒక్క పండు దొరికింది. అది జువ్వి పండో మేడి పండో నాకు గుర్తులేదు. నేను మీ పెద్దమ్మని అడిగింది ఈ సంగతే. ఏదైతేనేం, ఒక్కటే పండు. అదీ ముడతలు పడి ఉంది.

కొమ్మన్న దాన్ని గొంతులో పెట్టుకున్నాడు. ఇంటి దారి పట్టాడు. సగం దూరం వచ్చాక ఒక బండ మీద వాలాడు.

'ఒక్క పండుతో ఎలా వెళ్లను?' అనుకున్నాడు. 'లోపల మూడు నోళ్లున్నాయి. ఈ ముడతల పండు ఎవరికి పెట్టమంటాను? ఇది ఒట్టి ముక్కుతో పోవడం కాక మరేమిటి? ఇంకో నాలుగు దొరకనీ. అప్పుడు వెళ్తాను.'

వెనక్కి తిరిగి ఇంకా దూరం పోయాడు. పొద్దు గూకేదాకా వెతికాడు. ఇంకొక్క పండు కూడా దొరకలేదు. ఆ రాత్రి ఎండుకొమ్మ మీదే పడుకున్నాడు. మొదటిసారిగా గూటికి వెళ్లలేదు.

గమనించారా? పండు ఉంది. పిల్లలకి ఆకలి ఉంది. రెండింటికీ మధ్య కొమ్మన్న సిగ్గు ఉంది.

ఇక్కడ తొర్రలో ఏం జరిగిందో చెబుతాను.

"అమ్మా, నాన్న చప్పుడేది?" అంది పెద్దపిల్ల.

"గాలి ఎదురుగా ఉందేమో. ఎగరడం కష్టం కదా," అంది రేలమ్మ.

"గాలి లేదుగా. ఆకు కూడా కదలట్లేదు."

"అయితే ఎండ ఎక్కువగా ఉందేమో. పడుకో."

తొర్ర అడుగున చెత్తలో ఉన్న పురుగూ పుట్రా ఏరి రేలమ్మ పిల్లల నోట్లో పెట్టింది. తను ఏమీ తినలేదు. సందుకి కన్ను ఆనించి చూసింది. వేలెడంత ఆకాశం కనిపించింది. అందులో ఏమీ లేదు.

రెండోరోజు చెట్టు బెరడు మీద చప్పుడైంది. టక్ టక్ కాదు. గర్ గర్ గర్. గోళ్ల చప్పుడు. ఉడుము ఎక్కి వస్తోంది.

ఉడుము ముసలిది. ఓపిక ఎక్కువ. ఆ చెట్టు మీద దాని కన్ను ఎప్పటినుంచో ఉంది. కానీ మట్టిగోడ బయటి నుంచి దాని గోళ్లకి లొంగదు. అందుకని గోళ్ల కంటే ముందు మాటలు తెచ్చుకుంది.

"అమ్మాయ్ రేలమ్మా, బాగున్నావా తల్లీ?" అంది. "మీ నాన్న నాకు బాగా తెలుసు. నీకీ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చింది."

"ఏం మాట?"

"మీ ఆయన ఇక రాడమ్మా. నిన్న కొండ మీద గద్ద పట్టుకుపోయింది. ఈ కళ్లతో చూశాను. గోడ లోపలి నుంచి పగలగొట్టుకో. నీ ముక్కుకి అదెంత పని? బయటికొస్తే నేను దగ్గరుండి నీళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. పిల్లల్ని నేను చూసుకుంటాను."

రేలమ్మ గుండె జారిపోయింది. కానీ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి అడిగింది. "గద్ద పట్టుకుపోతుంటే ఆయన ఏమన్నా అన్నాడా?"

"అనకేం తల్లీ! 'రేలమ్మా, రేలమ్మా' అని ఎంత ఏడ్చాడో. రాళ్లు కూడా కరిగాయి."

రేలమ్మ ఊపిరి వదిలింది. "అయితే గద్ద పట్టుకుపోయింది ఇంకెవర్నో. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. చచ్చిపోతూ కూడా 'ఏమే' అనే అంటాడు."

పెద్దపిల్ల కిసుక్కున నవ్వింది.

ఉడుము మొహం మాడ్చుకుంది. "సరే సరే. ముసలిదాన్ని, సరిగ్గా వినపడలేదేమో. నాకు తొందరేం లేదు. ఇక్కడే ఉంటాను. నీకే తెలిసొస్తుంది," అంది. అని తొర్ర పక్కనే బెరడుని కరుచుకుని కూర్చుంది.

మూడోరోజు చిన్నపిల్ల ఏడవడం మానేసింది. ఆకలేసిన పిల్ల ఏడిస్తే తల్లికి కష్టం. ఏడవడం మానేస్తే ఇంకా కష్టం. రేలమ్మ పొద్దెక్కేదాకా చూసింది. చివరికి గోడ వైపు తిరిగింది. రెక్కలకి ఈకలు లేవు. అయినా ఇంకేం చేస్తుంది? ముక్కుతో ఒక దెబ్బ కొట్టింది. రెండో దెబ్బ కొట్టింది. మూడో దెబ్బకి సందు పక్కన మట్టిపెళ్ల ఒకటి ఊడి కింద పడింది.

బయట ఉడుము కళ్లు మెరిశాయి.

"అమ్మా, ఆగు," అంది పెద్దపిల్ల. "గోడ పోతే నాన్న వచ్చాక ఎక్కడ నుంచి పెడతాడు?"

రేలమ్మ ముక్కు గోడ మీద అలాగే ఆగిపోయింది. "ఇంకొక్క పూట చూస్తాను," అంది నెమ్మదిగా. ఎవరితో అందో నాకు తెలియదు.

మరి ఆ మూడోరోజు కొమ్మన్న ఎక్కడున్నాడు? చాలా దూరాన ఒక ముళ్లపొద మీద ఉన్నాడు. రెక్కలు వేలాడిపోతున్నాయి. గొంతులో ఆ పండు అలాగే ఉంది. తను తినలేదు, పిల్లలకి పెట్టలేదు.

ఆ పొదలో ఒక తేనెపిట్ట గూడు వేలాడుతోంది. తేనెపిట్టంటే ఎంత? నా బొటనవేలంత. అది ఎక్కడినుంచో ఎగురుతూ వచ్చి గూటి గుమ్మంలో వాలింది. దాని ముక్కులో ఏమీ లేదు. పువ్వులు లేని ఏడు, తేనె ఎక్కడ దొరుకుతుంది? అయినా గూట్లో తల పెట్టి, "వచ్చానర్రా," అంది. గోలగోలగా అరుస్తున్న పిల్లలు ఒక్కసారి సద్దుమణిగాయి.

కొమ్మన్న నిర్ఘాంతపోయాడు. "అమ్మాయ్, ఒట్టి ముక్కుతో గూటికి వెళ్లావేం? సిగ్గుగా లేదూ?"

"సిగ్గెందుకన్నా?" అంది తేనెపిట్ట. "నేను రాకపోతే వాళ్లకి ఆకలి ఒక్కటే కాదు, భయం కూడా. ఆకలి ఎలాగూ తీర్చలేకపోయాను. భయమైనా తీర్చొద్దూ?"



తేనెపిట్ట అతని వైపు తేరిపార చూసింది. "అవునన్నా, నీ గొంతు దగ్గర ఆ బుడిపేమిటి? దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదు. పండు."

"పండా? ఎప్పటిది?"

"మొన్నటిది," అన్నాడు కొమ్మన్న తల దించుకుని. "ఒక్కటే దొరికింది. ఒక్క పండుతో ఇంటికెలా పోను?"

"ఓరి నీ కొమ్ము విరగ!" అంది తేనెపిట్ట. అంత చిన్న గొంతులోంచి అంత పెద్ద కేక ఎలా వచ్చిందో. "మూడు రోజుల నుంచి గొంతులో పండు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావా? అది మా ఇంట్లో అయితే పెళ్లిభోజనం! ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? లే, లే!"

కొమ్మన్న లేచాడు. రెక్కలు నొప్పిగా ఉన్నాయి. ఒక కొండ దాటాడు. మేడిచెట్టు మీద నుంచి కొండముచ్చు అరిచింది. "ఏం బావా, అంత పరుగు? పెళ్లివిందు మోసుకుపోతున్నావా ఏం?"

"అవును!" అన్నాడు కొమ్మన్న. ఆగకుండా ఎగిరిపోయాడు.

నల్లమద్ది దగ్గరికి వచ్చేసరికి గోడకి పగులు కనిపించింది. పగులు పక్కనే ఉడుము కనిపించింది. కొమ్మన్నకి ఒళ్లు మండింది. వెళ్లి దాని వీపు మీద ముక్కుతో పొడిచాడు. ఉడుము కదల్లేదు. తోక పట్టుకుని లాగాడు. కదల్లేదు. ఉడుంపట్టు అంటారు కదా, అది ఊరికే అనలేదు.

"లాగు నాయనా, లాగు," అంది ఉడుము. "ఈలోగా లోపలివాళ్లు ఎలా ఉన్నారో చూస్తాను." అని తన పొడుగాటి నాలుక చాపి, ఆ పగుల్లోంచి లోపలికి పెట్టింది.

లోపల ఎవరున్నారు? రేలమ్మ. రేలమ్మ ముక్కెంత? నా అరచెయ్యంత. పటకారులా ఆ నాలుక పట్టుకుంది.

"వయ్యు! వయ్యు!" అంది ఉడుము. 'వదులు' అనబోయింది పాపం. నాలుక పట్టుకుంటే ఎవరికైనా మాట సరిగ్గా రాదు. మీరు పట్టుకుని చూడక్కర్లేదు. చిన్నోడా, నీకే చెబుతున్నాను. చెయ్యి దించు.

"మా అమ్మ నోరు తెరిచి 'వదలను' అనాలనుకుంటోంది," అంది పెద్దపిల్ల లోపలి నుంచి. "కానీ నోరు తెరిస్తే నువ్వు తప్పించుకుంటావని అనట్లేదు."

ఉడుముకి నొప్పికి కళ్లనీళ్లు తిరిగాయి. గోళ్లు బెరడు వదిలేశాయి. సరిగ్గా అప్పుడు రేలమ్మ కూడా వదిలింది. ఉడుము అంతెత్తు నుంచి ఎండాకుల మీద దబ్బున పడింది. లేచి, నాలుక లోపల పెట్టుకుని, వెనక్కి చూడకుండా పొదల్లోకి పోయింది. మళ్లీ ఆ చెట్టు దరిదాపులకి రాలేదు.



కొమ్మన్న బెరడు మీద ముక్కు ఆనించాడు. టక్. టక్. టక్.

"ఏమే," అన్నాడు.

"ఆఁ," అంది రేలమ్మ. 'వచ్చావా' అనలేదు.

"ఒక్కటే పండు తెచ్చాను."

"ఒక్కటా? సరే. అది ఎప్పుడు దొరికింది?"

అబద్ధం చెప్పొచ్చు. లోపలున్నవాళ్లకి ఏం తెలుస్తుంది? కానీ కొమ్మన్న చెప్పలేదు. "మొదటిరోజే దొరికింది. ఒక్కదానితో రావడానికి సిగ్గేసింది," అన్నాడు.

రేలమ్మ ఏడ్చింది. "మూడు రోజుల్లో నేను నిన్ను ఎన్నిసార్లు చంపుకున్నానో తెలుసా? ఒకసారి గద్ద ఎత్తుకుపోయిందనుకున్నాను. ఒకసారి దాహంతో పడిపోయావనుకున్నాను. ఒకసారి మమ్మల్ని వదిలేసి పోయావనుకున్నాను. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది. పండు లేకపోతే లేదు. నువ్వు రా. మూడుసార్లు కొట్టు. అంతే."

"మా నాన్న ఏం చెప్పాడంటే..." అన్నాడు కొమ్మన్న.

"మీ నాన్న ఇక్కడ లోపల కూర్చోలేదు," అంది రేలమ్మ.

 కొమ్మన్న పండు పైకి తెచ్చి అందించాడు. రేలమ్మ దాన్ని రెండు ముక్కలు చేసి పిల్లలకి పెట్టింది. చిన్నపిల్ల నోరు తెరిచింది. మింగింది. కళ్లు తెరిచింది.

"పుల్లగా ఉంది," అంది పెద్దపిల్ల. "ఇంకోటుందా?"

కొమ్మన్నకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ పూటే గోడ పగులు పూడ్చారు. తడి మట్టి ఎక్కడుంది? అందుకని రేలమ్మ పిల్లల రెట్టతోనే మెత్తింది. నవ్వకండి. అది ఆరితే మట్టికంటే గట్టిగా ఉంటుంది.

కష్టం అంతటితో తీరిపోయిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ తీరలేదు. వాన ఇంకా రాలేదు. కొమ్మన్న పొద్దున్నే వెళ్లేవాడు. ఒకరోజు మూడు పండ్లు దొరికేవి. ఒకరోజు ఒక పురుగు దొరికేది. అలా ఉండగా ఒకరోజు అసలేమీ దొరకలేదు.

అవాళ కొమ్మన్న తొర్ర ఎదుటి కొమ్మ మీద చాలాసేపు కూర్చున్నాడు. ముక్కు నిజంగానే ఒట్టిది. తండ్రి మాట చెవిలో గింగురుమంటోంది. కొండలు దాటడం కంటే, ఆ కొమ్మ మీద నుంచి ఈ తొర్ర దాకా రావడం అతనికి ఎక్కువ దూరం అనిపించింది. చివరికి వచ్చాడు.

టక్... టక్... టక్.

"ఏమే."

"ఆఁ, వచ్చావా?"

"ఇవాళ ఒట్టి ముక్కే."

 లోపల పెద్దపిల్ల చిన్నదానితో అనడం వినిపించింది. "నాన్నొచ్చాడే." చిన్నపిల్ల ఏడుపు ఆపింది. ఆకలి తీరలేదు. ఏడుపు ఆగింది.

"రెక్కలు ముడుచుకుని కాసేపు కూర్చో," అంది రేలమ్మ. "ఎటు వెళ్లావు ఇవాళ?"

"పడమరకి. నిన్న దక్షిణానికి. ఎటు చూసినా మోడులే."

"తూర్పుకి వెళ్లలేదా?"

"తూర్పున బోడికొండేగా. దాని మీద గడ్డి కూడా మొలవదు."

"ఏమో," అంది రేలమ్మ. "నాకు ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు కదా, వింటూ కూర్చుంటాను. రోజూ వేకువనే పచ్చపావురాల గుంపు ఒకటి మన చెట్టు మీదుగా తూర్పుకి పోతోంది. పోయేటప్పుడు రెక్కల చప్పుడు తేలిగ్గా ఉంటుంది. ఎండెక్కాక అవే తిరిగొస్తాయి. అప్పుడు చప్పుడు బరువుగా ఉంటుంది. పొట్టలు నిండకపోతే అంత బరువుగా ఎందుకు ఎగురుతాయి?"

కొమ్మన్న తల ఎత్తాడు. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు కూర్చుంటే కదా! పండు పెట్టి పారిపోయేవాడివి. పండు లేకపోతే అసలు వచ్చేవాడివే కాదు. ఒట్టి ముక్కుతో వచ్చావు కాబట్టి ఇవాళ కూర్చున్నావు," అంది రేలమ్మ.

మర్నాడు వేకువనే కొమ్మన్న పావురాల వెనకే పోయాడు. బోడికొండ ఎక్కాడు. దాని అవతల ఒక లోయ. లోయ అడుగున, రాళ్ల కింద ఎక్కడో తడి ఉన్నట్టుంది, ఒకే ఒక్క రావిచెట్టు పచ్చగా నిలబడి ఉంది. దాని నిండా చిన్నచిన్న ఎర్రటి పండ్లు. చాలా దూరం. రోజుకి రెండుసార్ల కంటే వెళ్లిరాలేడు. అయినా రెండుసార్లూ గొంతు నిండింది. రోజూ ఒకసారి చుట్టు తిరిగి వెళ్లి, ఆ ముళ్లపొద దగ్గర ఆగి ఒక పండు వదిలి వెళ్లేవాడు. తేనెపిట్ట దాన్ని చీల్చి, పిల్లల్ని పిలిచి, "పెళ్లిభోజనం వచ్చిందర్రా," అనేది.

మృగశిర కార్తె వచ్చింది. ఒక సాయంత్రం గాలి మారింది. మట్టివాసన వేసింది. వాన పడింది. మూడు రోజులు పడింది. వాగు పారింది. జువ్విచెట్టు మళ్లీ చిగిర్చింది.

అప్పుడు రేలమ్మ లోపలి నుంచీ, కొమ్మన్న బయటి నుంచీ గోడ పగలగొట్టారు. రేలమ్మ బయటికొచ్చి కొమ్మ మీద కూర్చుంది. కొత్త ఈకలు మెరుస్తున్నాయి. ఇటు చూసింది, అటు చూసింది. "ఆకాశం ఇంతుంటుందని మర్చేపోయాను," అంది.

పెద్దపిల్ల ఆ రోజే ఎగిరింది. చిన్నపిల్ల గుమ్మంలో కూర్చుని రానంటే రానంది. ఎవరు ఎంత పిలిచినా రాలేదు. కొమ్మన్న ఎదుటి కొమ్మ మీద వాలి, బెరడు మీద మూడుసార్లు కొట్టాడు. టక్. టక్. టక్. చిన్నపిల్ల ఆ చప్పుడు వైపు ఎగిరేసింది. తను ఎగురుతున్నానని దానికి తెలియనే తెలియదు.

ఆ సాయంత్రం కొమ్మన్న పిల్లలిద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "రేపు మీకూ గూళ్లుంటాయి. మంచి ఏడూ వస్తుంది, చెడ్డ ఏడూ వస్తుంది. నిండు ముక్కుతో వస్తే సంతోషం. ఒట్టి ముక్కుతోనైనా వచ్చి తలుపు కొట్టండి. మర్నాడు మళ్లీ వెళ్లండి," అన్నాడు.

"మరి తాత ఇంకోలా చెప్పాడటగా?" అంది పెద్దపిల్ల.

"తాత మంచి ఏళ్లు చూసి చెప్పాడమ్మా," అన్నాడు కొమ్మన్న. "నేను చెడ్డ ఏడు చూసి చెబుతున్నాను."

నిజం కొమ్ముపిట్టలు ఒట్టి ముక్కుతో తలుపు కొడతాయో లేదో నాకు తెలియదు పిల్లలూ. కథలో మాత్రం కొట్టాయి. మా అమ్మ ఇక్కడిదాకా చెప్పి, నా జడ సర్దుతూ, "నీక్కూడా అదే మాట," అనేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మీకు నేనూ అదే చెబుతున్నాను. పరీక్ష పోయినా, పందెం ఓడినా, స్నేహితులు వదిలేసినా, ఎంత దూరాన ఉన్నా, ఏమీ తేలేదని బయటే ఉండిపోకండి. రండి. తలుపు కొట్టండి. నేను లోపలే ఉంటాను, వింటూ ఉంటాను.

నీతి: కష్టకాలంలో నిలబడటం అంటే చేతికి ఎంత దొరికిందన్నది కాదు, ఏమీ దొరకని రోజున కూడా మనవాళ్ల దగ్గరికి వచ్చి, మర్నాడు మళ్లీ బయల్దేరడమే.

ఇక దీన్ని మీ దగ్గరే దాచుకోకండి. ఈ ఊళ్లో చెట్లు లేకపోయినా కథ వినే చెవులుంటాయి. మీ స్నేహితులకి చెప్పండి, రేపు మీ పిల్లలకి చెప్పండి. పండు పేరు మర్చిపోయినా ఫరవాలేదు. ఆ ఒట్టి ముక్కు రోజు మాత్రం వదిలేయకుండా చెప్పండి.